గడ్డివాములో దొరికిన తుపాకీ, యావజ్జీవ శిక్ష: హైకోర్టులో అప్పీలు ఎలా వేయాలి?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో నల్లమల అంచున ఉన్న ఊరు. 2021లో మా ఊరి రైతు ఒకాయన రాత్రిపూట మిరప చేనుకు కాపలా వెళ్లి తుపాకీ దెబ్బకు చనిపోయారు. ఆయనకూ మాకూ గట్టు తగాదా ఉంది. ఐదో రోజున మా తమ్ముడిని అరెస్టు చేశారు. వాడే మా గడ్డివాములోంచి నాటు తుపాకీ తీసి చూపించాడని రాశారు. చేనులో ఒక ఖాళీ తూటా దొరికింది. కాల్చగా చూసినవాళ్లు లేరు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి వెళ్తుంటే చూశానని ఒకాయన సాక్ష్యం చెప్పాడు. సెషన్స్ కోర్టు 302 కింద యావజ్జీవం, ఆయుధాల చట్టం 25 కింద 2 ఏళ్లు, 27 కింద 3 ఏళ్లు వేసింది. తీర్పు వచ్చి 38 రోజులు. మా లాయరు గారు టైముందిలే అంటున్నారు. అప్పీలు వేస్తే ఉరి పడుతుందని ఊళ్లో భయపెడుతున్నారు. ఆ సాక్షి ఇప్పుడొచ్చి నేను చూడలేదు, అఫిడవిట్ ఇస్తానంటున్నాడు. బెయిల్ వస్తుందా? ఖర్చులకు ఉన్న ఎకరం అమ్మాలా?

సమాధానం: ముందు రోజుల లెక్క చూద్దాం, మిగతావన్నీ దాని తర్వాతే. సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద హైకోర్టుకు అప్పీలు వేయడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు 60 రోజులు. మీకు మిగిలినవి 22. సర్టిఫైడ్ కాపీ కోసం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కాపీ సిద్ధమైన రోజు దాకా పట్టిన కాలాన్ని ఈ 60కి కలుపుకోవచ్చు. ఉదాహరణకు తీర్పు జూన్ 2న వచ్చిందనుకోండి, గడువు ఆగస్టు 1తో ముగుస్తుంది. కాపీకి జూన్ 10న పెట్టి జూన్ 24న అందుకుంటే 15 రోజులు కలిసి ఆగస్టు 16 దాకా ఉంటుంది. అయితే దరఖాస్తు పెట్టకుండా గడిపిన రోజులు కలవవు. కాపీ సిద్ధమయ్యాక తెచ్చుకోకుండా వదిలేసిన రోజులూ కలవవు. కాబట్టి మీ లాయరు గారిని అడగాల్సింది టైముందా అని కాదు, కాపీకి ఏ తేదీన పెట్టారు, ఏ తేదీన సిద్ధమైంది అని. కాపీ చివర ఆ తేదీల ముద్రలు ఉంటాయి, మీ కళ్లతో చూసుకోండి.

దీనికి తోడు, జైలు శిక్ష పడిన మనిషికి తీర్పు చెప్పగానే ఒక నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం పాత సీఆర్‌పీసీ, ఇప్పుడు దాని స్థానంలో వచ్చింది బీఎన్‌ఎస్‌ఎస్. పాతదాంట్లో అది సెక్షన్ 363, కొత్తదాంట్లో 404. అది మీ తమ్ముడి దగ్గరో, జైలు ఆఫీసులోనో ఉండి ఉంటుంది. ములాఖత్‌కు వెళ్లినప్పుడు మొదట అదే అడగండి. అప్పీలుకు తీర్పు నకలు జతచేయాలి, దానికి ఆ ఉచిత కాపీ చాలు. గడువు దాటిపోయినా తలుపులు మూసుకుపోవు. ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద పిటిషన్ వేయొచ్చు, జైల్లో ఉన్నవాడి విషయంలో కోర్టులు సాధారణంగా పట్టుబట్టవు. కానీ ఆ పిటిషన్‌కు నోటీసులు, వాయిదాలు ఉంటాయి. అది తేలేదాకా అప్పీలుకు నంబరు పడదు, నంబరు పడనిదే బెయిల్ పిటిషన్ వినరు. 10 రోజుల అశ్రద్ధ జైల్లో ఉన్నవాడికి నెలలుగా మారేది ఇలాగే.

ఎకరం అమ్మకండి. కనీసం ఇప్పుడే అమ్మకండి. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం నిర్బంధంలో ఉన్న మనిషికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. మీ తమ్ముడు జైలు సూపరింటెండెంటుకు అప్పీలు వేయాలని ఉందని, లాయరును పెట్టమని ఒక కాగితం రాసిస్తే చాలు. జైలు నుంచే అప్పీలు పంపుకునే హక్కు బీఎన్‌ఎస్‌ఎస్ 424లో (పాత 383) ఉంది. ఆ కాగితాలు హైకోర్టుకు వెళ్తాయి. హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ ప్యానెల్ నుంచి లాయరును ఇస్తుంది. మీరు బయటి నుంచి 15100కు ఫోన్ చేసినా, ఒంగోలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా దారి చూపిస్తారు. ప్యానెల్ లాయరైనా, మీరు పెట్టుకున్న లాయరైనా వకాల్తా మీద మీ తమ్ముడు జైలు అధికారి ఎదుట సంతకం పెట్టాలి, దాన్ని ఆ అధికారి ధ్రువీకరించాలి. రెండు దారులూ ఒకేసారి తొక్కవద్దు. జైలు అప్పీలు ఒకటి, ప్రైవేటు అప్పీలు ఒకటి రెండు నంబర్లతో పడితే వాటిని కలపడానికే వాయిదాలు పోతాయి.

నేరం 2021 నాటిది కనుక శిక్ష ఐపీసీ కిందే నిలుస్తుంది. అప్పీలు 2024 జూలై 1 తర్వాత వేస్తున్నారు కాబట్టి బీఎన్‌ఎస్‌ఎస్ 415(2) అని రాసి, పక్కన పాత 374(2) కూడా రాస్తే ఏ చిక్కూ ఉండదు. యావజ్జీవం కనుక అమరావతిలోని హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచ్ వింటుంది. ఇది మొదటి అప్పీలు. అంటే బెంచ్ తీర్పులో తప్పులు వెతికి ఊరుకోదు, సాక్ష్యం మొత్తాన్నీ తనే మళ్లీ తూచి చూడాలి. ట్రయల్‌లో మీ లాయరు లేవనెత్తని అంశాలను కూడా రికార్డులో ఆధారం ఉంటే ఇక్కడ లేవనెత్తవచ్చు.

ఇక అసలు సంగతి. మీ తమ్ముడి మీద ఉన్నవి ఒకే తీర్పులో పడిన రెండు రకాల శిక్షలు: హత్య ఒకటి, ఆయుధం ఒకటి. తుపాకీ రికవరీ అబద్ధమని తేలితే హత్య కేసు కూడా దానంతటదే కూలిపోతుందని చాలా కుటుంబాలు, కొందరు లాయర్లు కూడా అనుకుంటారు. ప్రత్యక్ష సాక్షులు ఉన్న కేసులో అలా జరగదు. కళ్లారా చూసినవాడిని కోర్టు నమ్మితే ఆయుధం అసలు దొరక్కపోయినా శిక్ష నిలుస్తుంది. మీ కేసు అలాంటిది కాదు. చూసినవాళ్లు లేరు. కేసంతా పరిస్థితుల సాక్ష్యం: గట్టు తగాదా, కలిసి వెళ్లడం చూశానన్న మాట, గడ్డివాములో తుపాకీ, చేనులో తూటా. ఈ నాలుగింటిలో మనిషిని నేరానికి గట్టిగా కట్టేది తుపాకీ ఒక్కటే. కాబట్టి అప్పీలులో సగానికి పైగా శ్రమ ఆ తుపాకీ ప్రయాణం మీద పెట్టాలి. 1984లో శరద్ బిర్దిచంద్ శార్దా కేసులో సుప్రీంకోర్టు పెట్టిన కొలత ఇప్పటికీ అదే: ప్రతి పరిస్థితీ విడివిడిగా పూర్తిగా రుజువు కావాలి, అన్నీ కలిసి ముద్దాయి తప్ప మరొకరు చేసి ఉండరనే చోటికి చేర్చాలి. గొలుసులో ఒక కొక్కెం ఊడితే మిగిలింది అనుమానమే. ఎంత బలమైన అనుమానమైనా రుజువు కిందికి రాదు.

కాగితాలు ఇవి తెప్పించండి: ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, నేరస్థలం పరిశీలన పంచనామా, రఫ్ స్కెచ్, తుపాకీ స్వాధీనం చేసుకున్న మధ్యవర్తుల (పంచనామా సాక్షుల) రిపోర్టు, ల్యాబ్‌కు పంపిన లెటర్ ఆఫ్ అడ్వైజ్, ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు, కలెక్టర్ అనుమతి ఉత్తర్వు, అందరు సాక్షుల వాంగ్మూలాలు, సీఆర్‌పీసీ 313 కింద మీ తమ్ముడిని కోర్టు అడిగిన ప్రశ్నలు జవాబులు. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని తుపాకీకి ఒక వరుస, తూటాకు ఒక వరుస వేసి తేదీలు రాయండి. ఎప్పుడు దొరికింది, ఎవరు సీలు వేశారు, ఏ సీలు, స్టేషన్లో ఎన్నాళ్లుంది, కోర్టులో ఎప్పుడు జమ చేశారు, ల్యాబ్‌కు ఏ తేదీన ఎవరు పట్టుకెళ్లారు, ల్యాబ్ అందుకున్నప్పుడు సీళ్లు చెక్కుచెదరలేదని రాసిందా. ఈ పని మీరూ చేయగలరు. లాయరు చేతిలో ఈ కాగితం పెడితే ఆయన వారం పని తగ్గుతుంది.

ఈ రెండు వరుసల్లో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఒకటుంది. తూటా మొదటి రోజు చేనులో దొరికింది. తుపాకీ ఐదో రోజు దొరికింది. తూటాను తుపాకీ దొరక్కముందే కోర్టుకో ల్యాబ్‌కో పంపారా, లేక రెండూ స్టేషన్లో కలిసి ఉండి, ఒకే పార్శిల్‌లో, ఒకే రోజు వెళ్లాయా? రెండోది అయితే, దొరికిన తుపాకీతో స్టేషన్లోనే ఒక తూటా పేల్చి దాన్నే చేనులో దొరికినదిగా చూపలేదని ఎలా నమ్మడం అనే ప్రశ్న లేస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ప్రాసిక్యూషన్, మీ తమ్ముడు కాదు. తుపాకీ కేసుల్లో ఈ వాదన పాతది. దీని పదును ఇప్పటికీ తగ్గలేదు.

మరో సంగతి, ట్రయల్‌లో ఎవరూ అడిగి ఉండరు. ఒంటి గొట్టం నాటు తుపాకీల్లో చాలావాటికి తూటా డొప్ప దానంతటదే బయటికి ఎగిరిపడే ఏర్పాటు ఉండదు. గొట్టం విరిచి చేత్తో లాగాలి. శవం మీద ఉన్నది ఒకే కాల్పు గాయమైతే, కాల్చినవాడు నిలబడి డొప్ప లాగి చేనులో ఎందుకు పారేశాడు? రెండో తూటా నింపుకున్నాడంటే ఒక కారణం. లేకపోతే ఆ డొప్ప అక్కడ ఉండటమే వివరణ కోరుతుంది. ల్యాబ్ రిపోర్టులో తుపాకీ వర్ణన చదివి, మీది ఆ రకమే అయితే ఈ మాట అప్పీలులో రాయించండి.

ల్యాబ్ రిపోర్టును ఒక్కో పదం పట్టి చదవాలి. నాటు తుపాకీ గొట్టం లోపల నున్నగా ఉంటుంది, మరచుట్ల గాళ్లు ఉండవు. అందుకని శరీరంలో దొరికిన సీసపు గుళ్లను చూసి ఇవి ఫలానా తుపాకీవే అని ఏ నిపుణుడూ చెప్పలేడు. పోల్చగలిగింది డొప్ప అడుగున సుత్తిముల్లు కొట్టిన గుర్తును, వెనక పలక ఒత్తిన గీతలను. దానికోసం ల్యాబ్ అదే తుపాకీతో పరీక్ష తూటాలు పేల్చి, రెండు డొప్పలనూ పోలిక మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి చూస్తుంది. రిపోర్టులో ఎన్ని పరీక్ష తూటాలు పేల్చారు, ఏ గుర్తులు కలిశాయి, ఫొటోలు ఉన్నాయా అన్నవి ఉండాలి. "ఈ తుపాకీతోనే కాల్చినది" అనడానికీ, "ఇలాంటి తుపాకీతో కాల్చి ఉండవచ్చు" అనడానికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. రెండోది రాసిన రిపోర్టును తీర్పులో మొదటిదిగా ఎత్తి రాయడం తరచూ జరిగే తప్పు. అలాగే గొట్టంలో మందు మసి ఉందని రాస్తే, అది ఎప్పుడో ఒకప్పుడు కాల్చారని మాత్రమే చెబుతుంది. ఆ రాత్రి కాల్చారని చెప్పదు. అడవి పందులను బెదరగొట్టడానికి ఇలాంటి తుపాకులు పేల్చే ప్రాంతంలో ఆ మసి విలువ ఇంకా తక్కువ.

రిపోర్టు కింద సంతకం ఎవరిదో కూడా చూడండి. ల్యాబ్ డైరెక్టరు, డిప్యూటీ డైరెక్టరు, అసిస్టెంట్ డైరెక్టరు సంతకం పెట్టిన రిపోర్టును నిపుణుడిని బోను ఎక్కించకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు (సీఆర్‌పీసీ 293, ఇప్పుడు 329). అంతకంటే కింది హోదా వారు సంతకం పెట్టి, వారిని కోర్టులో విచారించకపోతే ఆ రిపోర్టు నిలబడటం కష్టం. తుపాకీ, తూటా రెండూ దొరికిన కేసులో బాలిస్టిక్ నిపుణుడి అభిప్రాయం కోర్టు ముందు పెట్టకపోతే ప్రాసిక్యూషన్ నమ్మకం బాగా దెబ్బతింటుందని సుఖ్వంత్ సింగ్ కేసులో 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. రిపోర్టును పక్కకు తోయగలిగితే మీ కేసు ఆ తీర్పు దగ్గరికి వస్తుంది.

గడ్డివాము సంగతికి వద్దాం. ఈ విషయంలో దేశమంతా ఇప్పటికీ చదివే తీర్పు మన గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై, మద్రాసు హైకోర్టు మీదుగా బ్రిటిష్ కాలంలో ఆఖరి కోర్టయిన ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కొట్టయ్య కేసు, ఏఐఆర్ (తీర్పుల సంపుటి) 1947. అందులోనూ ఒక బల్లెం దాచింది గడ్డివాములోనే. ముద్దాయి పోలీసులతో "ఫలానావాడిని ఈ బల్లెంతో పొడిచాను, ఫలానాచోట దాచాను, చూపిస్తాను" అంటే, దాచాను చూపిస్తాను అన్న ముక్క మాత్రమే సాక్ష్యం అవుతుంది, పొడిచాను అన్నది కాదు. దాచిన సంగతి అతనికి తెలుసని మాత్రమే దానితో రుజువవుతుంది. ఆ ఆయుధంతోనే నేరం జరిగిందని వేరే సాక్ష్యంతో నిరూపించుకోవాలి. మీ తీర్పులో "ముద్దాయి తాను కాల్చిన తుపాకీని చూపించాడు" అని జడ్జిగారు రాసి ఉంటే, ఆ "కాల్చిన" అన్న మాట చట్టరీత్యా లోపలికి రాకూడనిది. అప్పీలులో దాన్నొక ప్రత్యేక అంశంగా పెట్టాలి.

2022లో రామానంద్ కేసులో సుప్రీంకోర్టు ఇంకొంచెం గట్టిగా చెప్పింది: ముద్దాయి సరిగ్గా ఏ మాటలు అన్నాడో దర్యాప్తు అధికారి, మధ్యవర్తులు కోర్టులో చెప్పాలి. పంచనామాకు ఎగ్జిబిట్ నంబరు పడినంత మాత్రాన అందులోని మాటలు రుజువైనట్టు కాదు. కాబట్టి సీఐ గారి వాంగ్మూలం, మధ్యవర్తిగా వచ్చిన వీఆర్‌ఓ వాంగ్మూలం పక్కపక్కన పెట్టుకోండి. మీ తమ్ముడు అన్నాడంటున్న మాటలు ఇద్దరి నోటా ఒకటేనా? ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరి ఎదుట? వీఆర్‌ఓ స్టేషన్లో సంతకం పెట్టానన్నాడా, గడ్డివాము దగ్గరా? ఆ వాము ఎవరిది, ఎక్కడుంది? ఉమ్మడి కుటుంబం వాము, దారి పక్కన, కంచె లేకుండా, ఎవరైనా చేయి పెట్టగలిగే చోట ఉంటే రికవరీ బరువు తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం అనుకోకండి. బహిరంగ స్థలమైనా పైకి కనబడకుండా దాచింది చూపించగలిగితే తెలిసే చూపించాడని కోర్టులు అన్న సందర్భాలూ ఉన్నాయి.

ఆయుధాల చట్టం శిక్షలకు వేరే మెలికలు ఉన్నాయి. 3వ సెక్షన్ ఉల్లంఘన, అంటే లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం మీద కేసు నడపాలంటే 39వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తప్పనిసరి. మీ జిల్లాలో అది కలెక్టరు. పోలీస్ కమిషనర్ ఉన్న నగరాల్లో కమిషనరే. అనుమతి ఉత్తర్వు తేదీ చార్జిషీటును కోర్టు తీసుకున్న తేదీకి ముందుదా తర్వాతదా? ల్యాబ్ రిపోర్టు చూసి ఇచ్చారా, చూడకుండా అచ్చు ఫారం మీద సంతకం పెట్టారా? ఆ ఉత్తర్వును కోర్టులో రుజువు చేశారా? ఇక్కడ తప్పు ఉంటే 25 కింద శిక్షకు దెబ్బ. కానీ 39 మాట్లాడేది 3వ సెక్షన్ గురించే. 27 కింద శిక్షకు, అందులోనూ హత్య శిక్షకు, ఈ వాదనను సాగదీస్తే బెంచ్ ముందు మిగతా వాదనలూ పలచబడతాయి.

ఉంచుకోవడం అంటే తెలిసి, తన అధీనంలో ఉంచుకోవడం. 1972లో గుణవంత్‌లాల్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతున్నది ఇదే. ఇంటిల్లిపాదీ వాడే వాములో తుపాకీ ఉంటే అది మీ తమ్ముడి అధీనంలో ఉన్నట్టేనా అన్నది వాదించదగ్గ ప్రశ్న. ఇంకా తుపాకీ పనిచేసే స్థితిలో ఉందని పరీక్షించి చెప్పారా అని చూసుకోండి. శిక్ష పరిమాణం దగ్గర మీకు తప్పు కనబడదు: 2019 డిసెంబరు సవరణ తర్వాత 25(1బి)(ఎ) కింద కనీసం 2 ఏళ్లు, గరిష్ఠం 5 ఏళ్లు. 27(1) కింద 3 నుంచి 7. నేరం సవరణకు ముందుదైతే పాత కొలత, 1 నుంచి 3 ఏళ్లు వర్తించేది. మీది 2021 కనుక ఆ ప్రశ్న లేదు. శిక్షలన్నీ ఏకకాలంలో నడవాలని తీర్పు చివరి పేరాలో ఉందో లేదో మాత్రం చూడండి. రాయకపోతే అది కూడా అప్పీలులో అడగాలి.

కలిసి వెళ్తుంటే చూశానన్న సాక్ష్యానికి ప్రాణం సమయం. ఆయన చూసింది సాయంత్రం ఎన్నింటికి, పోస్టుమార్టం ప్రకారం చావు ఎన్నింటికి? మధ్యలో నాలుగైదు గంటలుంటే ఆ చేలో మరొకరు రావడానికి చోటుంది. ఆయన ఈ మాట పోలీసులకు ఏ రోజు చెప్పాడో చూడండి. అదే ఊళ్లో ఉండి ఐదో రోజు దాకా నోరు మెదపకపోతే ఎందుకని అడగాలి. "కలిసి వెళ్లాడు కాబట్టి ఏం జరిగిందో ముద్దాయే చెప్పాలి" అని తీర్పులో ఉంటే, ఆ భారం ప్రాసిక్యూషన్ తన వంతు పూర్తిచేశాకే ముద్దాయి మీదికి వస్తుంది, దాని బదులుగా కాదు. గాయం చుట్టూ కాలిన మచ్చ, మసి ఉన్నాయని డాక్టరు రాశారా? ఉంటే చాలా దగ్గర నుంచి కాల్చినట్టు. రఫ్ స్కెచ్‌లో దూరాలతో అది సరిపోతుందా చూడండి. గట్టు తగాదా ఉండటం నిజమే కనుక దాన్ని కాదనకండి. తగాదా రెండువైపులా కోసే కత్తి, చంపడానికి కారణం ఎంతో ఇరికించడానికీ అంతే.

బెయిల్ గురించి సూటిగా చెబుతాను. అప్పీలు వేసేటప్పుడే శిక్ష నిలుపుదల పిటిషన్ కూడా వేయాలి (బీఎన్‌ఎస్‌ఎస్ 430, పాత 389). యావజ్జీవం కేసుల్లో పబ్లిక్ ప్రాసిక్యూటరుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇచ్చాకే వింటారు. ఈ దశలో బెంచ్ సాక్ష్యాన్ని లోతుగా తవ్వదు. తీర్పు చూడగానే ఇది నిలవకపోవచ్చు అనిపించే పెద్ద లోపం కావాలని 2023లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. కాబట్టి పిటిషన్‌లో 20 అంశాలు పేర్చకండి. ప్రత్యక్ష సాక్షులు లేకపోవడం, తూటా తుపాకీ ఒకే రోజు ల్యాబ్‌కు వెళ్లడం, నిపుణుడి తేలని అభిప్రాయం లాంటివి రెండు మూడు, మీ రికార్డులో నిజంగా ఉన్నవే, పేజీ నంబర్లతో పెట్టండి. ట్రయల్ కాలంలో బెయిల్ మీద ఉండి వాయిదాలు తప్పలేదంటే, వేరే కేసులు లేవంటే అవి రాయండి. జరిమానా నిలుపుదల కూడా అడగండి. లేకుంటే కట్టేయండి, లేదంటే దాని బదులు శిక్ష అదనంగా మోయాలి.

మొదటిసారి కొట్టేయడానికి అవకాశం ఎక్కువే. అప్పుడు గుండె జారిపోవద్దు. ఆఖరికి నిర్దోషి అని తేలబోయేవాడిని ఐదారేళ్లు జైల్లో ఉంచడం న్యాయమా అని 1977లో కశ్మీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు అడిగిన ప్రశ్నే దీనికంతటికీ పునాది. దాని మీద మన ఉమ్మడి హైకోర్టు 2016లో బచ్చు రంగారావు కేసులో ఒక ఏర్పాటు చేసింది: యావజ్జీవం పడి అప్పీలు పెండింగులో ఉన్నవాళ్లు, శిక్ష పడ్డాక 5 ఏళ్లు జైల్లో గడిపి, ప్రవర్తన బాగుందని జైలు సూపరింటెండెంటు రిపోర్టు ఇస్తే బెయిల్ అడగవచ్చు. డబ్బు కోసం హత్య, అత్యాచారంతో కూడిన హత్య, ప్రభుత్వోద్యోగుల హత్య లాంటి కొన్ని రకాలకు మినహాయింపు ఉంది. మీ కేసు వాటిలోకి వచ్చేలా కనబడటం లేదు. జైల్లో చిన్న క్రమశిక్షణ కేసు కూడా పడకుండా ఉండమని తమ్ముడికి ఇప్పుడే చెప్పండి. ఆ రిపోర్టు విలువ అప్పుడు తెలుస్తుంది.

ఉరి భయం పెట్టుకోకండి. మీ తమ్ముడు వేసిన అప్పీలులో హైకోర్టు శిక్షను తగ్గించవచ్చు, రద్దు చేయవచ్చు, హత్యను 304కు (హత్య కిందికి రాని నరహత్యకు) మార్చవచ్చు, మళ్లీ విచారణకు పంపవచ్చు. శిక్ష పెంచాలంటే ప్రభుత్వం విడిగా అప్పీలు వేయాలి, లేదా హైకోర్టే తనంతట నోటీసు ఇచ్చి మీ వాదన వినాలి. చనిపోయినవారి కుటుంబానికి కూడా శిక్ష పెంచమని అప్పీలు వేసే హక్కు లేదు. ఊళ్లో మాటలకు అప్పీలు మానుకుంటే నష్టపోయేది మీ తమ్ముడొక్కడే.

అప్పీలుకు నంబరు పడ్డాక దాన్ని రాసిపెట్టుకుని నెలకోసారి హైకోర్టు వెబ్‌సైట్‌లో కేసు స్థితి చూడండి. లాయరు రాలేదని క్రిమినల్ అప్పీలును కొట్టేయకూడదని 1996లో బానీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అదే తీర్పు ప్రకారం, లాయరు లేకపోయినా బెంచ్ రికార్డు చదివి తీర్పు ఇచ్చేయవచ్చు. వాదన వినబడకుండా తీర్పు వచ్చేస్తే ఆ తర్వాత మిగిలేది సుప్రీంకోర్టులో స్పెషల్ లీవ్ పిటిషన్. దానికి గడువు 90 రోజులు, దాన్ని తీసుకోవడం ఆ కోర్టు ఇష్టం. సాక్ష్యం మొత్తం తూచి చూసే చోటు హైకోర్టే.

చివరగా ఆ సాక్షి సంగతి. ఆయన ఇంటికి మీరు వెళ్లకండి, మీ ఇంటికి రానివ్వకండి, డబ్బు మాట ఎవరి నోటా రానివ్వకండి. ప్రమాణం చేసి బోనులో చెప్పిన మాట, అడ్డు ప్రశ్నలకు నిలబడిన మాట, శిక్ష పడ్డాక నోటరీ దగ్గర రాసిన అఫిడవిట్‌తో చెరిగిపోదు. బెదిరించో కొనేసో రాయించారని ప్రాసిక్యూషన్ అంటుంది. ఆ ఒక్క కాగితం మీ బెయిల్ పిటిషన్‌కే ముల్లవుతుంది, ఆయన మీద తప్పుడు సాక్ష్యం కేసు కూడా రావచ్చు. అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం హైకోర్టుకు బీఎన్‌ఎస్‌ఎస్ 432 కింద (పాత 391) ఉంది. కానీ అది ట్రయల్‌లో దొరకనిదానికి, న్యాయానికి అత్యవసరమైనదానికి: తూటా ఏ రోజు ల్యాబ్‌కు వెళ్లిందో చూపే రిజిస్టరు, కోర్టులో పెట్టని ఫొటోలు, కాల్ వివరాల లాంటివి. ఆయన ఇప్పుడు చెబుతున్నది నిజమే అయితే, ఆయన వాంగ్మూలంలోనే దాని జాడ ఉంటుంది: తేదీ తడబాటు, చీకట్లో ఎంత దూరం నుంచి చూశాడన్నది, పోలీసులకు ముందు చెప్పని మాట కోర్టులో చేర్చడం. ఆ వాంగ్మూలాన్ని మీ లాయరుతో కూర్చుని వరుస వరుసగా చదవండి. ఆయన మీ దగ్గరికి వచ్చిన సంగతి, వచ్చిన తేదీతో సహా, ఆ లాయరుకు చెప్పండి. ఆయనను మళ్లీ పిలిపించమని కోర్టును అడగాలా వద్దా అన్నది లాయరు తేలుస్తారు.